మూడు హ్యాండిళ్ళ ముస్తఫా



హైదరాబాద్‌లో బహదూర్‌పురా అనగానే చాలామందికి జూపార్కు గుర్తుకొస్తుంది. 1963లో తెరిచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాల అది. దాన్ని ఆనుకొని మీరాలం చెరువు. ఎండాకాలం సెలవుల్లో జిల్లాల నుంచి బస్సులు కట్టుకొని వచ్చినవాళ్ళు పులుల్నీ ఏనుగుల్నీ చూసి, గేటు బయట జామకాయలు కొనుక్కొని, అటునుంచి అటే చార్మినార్ చూడటానికి పోతారు. మా గల్లీల్లోకి వాళ్ళు రారు, రావలసిన పనీ లేదు. కానీ 1990లలో ఆ గల్లీల్లో పెరిగిన పిల్లలకు జూపార్కు కంటే పెద్ద ఆకర్షణ ఇంకొకటి ఉండేది. పాన్ డబ్బాకూ సైకిల్ టాక్సీకీ నడుమ ఓ చిన్న మల్గీ. షటర్ సగం లేపి ఉంటుంది. దానికి నల్లటి పరదా. లోపలినుంచి తుపాకుల మోత, ఎవరో జపాన్ భాషలో అరిచిన అరుపు, ఆ వెంటనే పిల్లల కేకలు, కొన్ని ఉర్దూలో, కొన్ని తెలుగులో. అదీ వీడియో గేమ్ దుకాణం. మీది వరంగల్ అయినా విజయవాడ అయినా, బస్టాండు దగ్గరో బడి వెనకో ఇలాంటిది ఒకటి మీరూ చూసే ఉంటారు. మా పాతబస్తీ దుకాణాల గురించి ఈరోజు కొన్ని మాటలు చెప్పుకుందాం.

ఆ పరదా వెనక ఏముండేదో ఇప్పటి పిల్లలకు విడమరచి చెప్పాలి. మనిషెత్తు చెక్కపెట్టె. ప్లైవుడ్ కోసి, సన్‌మైకా అంటించి ఇక్కడి వడ్రంగులే చేసేవాళ్ళు. లోపల ఒక పిక్చర్ ట్యూబు, ఒక పవర్ సప్లై, ఒక స్పీకరు, దూరదేశం నుంచి వచ్చిన ఒక పచ్చని సర్క్యూట్ బోర్డు. పెట్టె మన ఊరిది, ఆట జపాన్‌ది. ఈ పొత్తు కుదరడానికి కారణం ఉంది. 1980ల నడుమ జపాన్ తయారీదారుల సంఘం జామా పేరుతో ఒక పద్ధతి ఖరారు చేసింది. ఏ కంపెనీ బోర్డయినా సరే, ఒకే తీరు 56 కొసల కనెక్టరుకు తగులుకోవాలి. దాంతో పెట్టెను కదిలించకుండా బోర్డు ఒక్కటి మారిస్తే చాలు, దుకాణంలోకి కొత్త ఆట వచ్చేది. కొన్ని బోర్డుల మీద గోరంత స్విచ్చులు వరసగా ఉండేవి. రూపాయికి ఎన్ని లైఫులివ్వాలి, ఆట ఎంత కష్టంగా నడవాలి అన్నది వాటిని జరిపి దుకాణదారే నిర్ణయించుకోవచ్చు. మన గల్లీలో నాలుగో స్టేజి దాటిన పిల్లవాడు పక్క గల్లీలో రెండో స్టేజిలోనే చచ్చిపోయాడంటే, తప్పు వాడి చేతులది కాదు, ఆ స్విచ్చులది. ఈ సంగతి అప్పట్లో ఏ పిల్లవాడికీ తెలియదు.

రూపాయి బిళ్ళ వేస్తే ఆట. చేతకానివాడికి అది రెండు మూడు నిమిషాలు. చేతనైనవాడికి గంట. తరువాతి వంతు నాదే అని చెప్పడానికి తన బిళ్ళను తెర కింద అంచు మీద పెట్టి నిలబడాలి. ఆ బిళ్ళను ఇంకొకరు ముట్టుకోరు. ఎవరూ రాసిపెట్టని నియమమే, అయినా అందరూ పాటించారు. చేతిలో బిళ్ళ లేనివాళ్ళు కూడా వచ్చేవాళ్ళు, వాళ్ళే ఎక్కువ. వాళ్ళు వెనక నిలబడి చూసేవాళ్ళు. శత్రువు ఎటునుంచి వస్తాడు, ఏ డబ్బా పగలగొడితే తిండి దొరుకుతుంది, పెద్ద బాస్ దగ్గర ఏ మూలన నిలబడితే దెబ్బ తగలదు, ఇదంతా చూసి చూసి నోటికి నేర్చుకునేవాళ్ళు. ఎన్నాళ్ళకో ఒక రూపాయి చేతికొచ్చిననాడు ఆ చదువంతా హ్యాండిల్ మీదికి దిగేది. కరెంటు పోయిందంటే మాత్రం పెద్ద పంచాయితీ. మూడో స్టేజిలో ఉన్నానని ఒకడు, అప్పటికే చచ్చిపోయావని ఇంకొకడు. దుకాణం నడిపే చాచా అందరి మాటా విని, కరెంటు వచ్చాక ఎవరి వంతు వాళ్ళకు తిరిగి ఇచ్చేవాడు.

పాతబస్తీలో అన్ని ఆటలకూ రాజు ఒక్కటే. తెర మీద దాని పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. ఆ పేరు పెట్టి పిలిచిన పిల్లవాణ్ణి నేను చూడలేదు. అందరికీ అది ముస్తఫా. జపాన్‌లోని క్యాప్‌కామ్ కంపెనీ 1993లో చేసిన ఆట అది. మార్క్ షుల్ట్జ్ అనే అమెరికన్ చిత్రకారుడి జెనోజోయిక్ టేల్స్ అనే బొమ్మల కథలు దానికి మూలం. ఆడేవాళ్ళు ఎంచుకోవడానికి నలుగురుంటారు. జాక్ అన్నిట్లో సమానం. మెస్ భారీ మనిషి, దెబ్బ గట్టిది. హానా చురుకైన ఆడపిల్ల. నాలుగోవాడు ముస్తఫా కైరో. పసుపు టోపీ, అందరికంటే వేగం, పరుగెత్తుకొచ్చి ఎగిరి తన్నే తన్ను. ముస్తఫా అన్న పిలుపు వినిపించని రోజు మా గల్లీలో ఉండేది కాదు. అలాంటి పేరు ఒక విదేశీ యంత్రం తెర మీద వెలిగింది. అదీ దొంగదో దుర్మార్గుడిదో కాదు, వీరుడిది. మా పిల్లలు ఆ ఆటను సొంతం చేసుకోవడానికి ఇంకేం కావాలి? 1996లో ప్రేమదేశం సినిమా వచ్చింది. అందులో రెహమాన్ కట్టిన స్నేహం పాట పల్లవిలోనూ అదే పేరు. ఆ ఏడాది దుకాణం లోపలా బయటా ఒకటే పేరు మోగింది.

కథ కూడా మా పేటకు తగినదే. రాబోయే కాలంలో భూమి మీద మళ్ళీ డైనోసార్లు తిరుగుతుంటాయి. వాటిని వేటాడి సొమ్ము చేసుకునే ముఠా ఒకటి ఉంటుంది. వేటగాళ్ళను తరిమికొట్టడమే ఈ నలుగురి పని. మృగాలను కాపాడే ఆటను మా పిల్లలు జూపార్కు పక్కన నిలబడి ఆడారన్నమాట! ఇంకో ముచ్చట. మన పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలను పేర్చి నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరం బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. ముస్తఫా ఆడిన పిల్లలు కొందరు తరువాత తమ పిల్లల్ని తీసుకుపోయి దాని ముందు నిలబడి, తెర మీది డైనోసార్ల కథలు చెప్పడం నేను విన్నాను.

ఆ ఆటకు మూడు హ్యాండిళ్ళు. ముగ్గురు ఒకేసారి, ఒకే పక్షాన ఆడొచ్చు. ఈ సంగతి దగ్గర కాసేపు ఆగాలి. 1990 డిసెంబరులో పాతబస్తీ చూసిన మత అల్లర్లు, ఆ కర్ఫ్యూ రోజులు మా ఈడువాళ్ళు మరిచిపోయేవి కావు. కిటికీ రెక్కలు మూసుకొని కూచున్న ఇళ్ళలోని పిల్లలే మూడు నాలుగేళ్ళకు ఆ పెట్టె ముందు భుజం భుజం ఆనించి నిలబడ్డారు. ఆట వల్ల ఊరు మారిపోయిందని నేను అనను. అంత బరువు ఒక పెట్టె మీద పెట్టకూడదు. కానీ ఒకటి మాత్రం నా కళ్ళారా చూశాను. తెర మీద డబ్బా పగిలి తిండి బయటపడుతుంది. అది తిన్నవాడి ప్రాణం పెరుగుతుంది. ముగ్గురిలో ఎవరైనా తీసుకోవచ్చు. అప్పుడు ఒకడు అనేవాడు, "నువ్వు తీస్కోరా, నీకు తక్కువున్నది." రెండోవాడు అనేవాడు, "నక్కో, తూ లే." ఒకడిది తెలుగు ఇల్లు, ఇంకొకడిది ఉర్దూ ఇల్లు. అవతల దుండగులు మీదికొస్తుంటే వీళ్ళు తిండి ఎవరు తినాలని వాదులాడుకునేవాళ్ళు.

నా కళ్ళారా అన్నాను కదా, ఎక్కడినుంచి చూశానో చెప్పాలి. పరదా బయటినుంచి. ఆడపిల్లలం లోపలికి పోయేవాళ్ళం కాదు. ఎవరూ పోవద్దని చెప్పలేదు, పోతారని ఎవరూ అనుకోనూ లేదు. అమ్మ పంపేది, "పో, అన్నను పిల్చుకరా, అన్నం చల్లారిపోతున్నదని చెప్పు" అని. నేను పోయి పరదా అంచు పట్టుకొని నిలబడేదాన్ని. "బేటీ, బాహర్ ఠైరో" అనేవాడు చాచా, కసురు లేకుండానే. నేను నిలబడి చూసేదాన్ని. అన్నను పిలవడం కావాలనే ఆలస్యం చేసేదాన్ని. లోపల ముగ్గురూ ముస్తఫా కోసం కొట్లాడుకుంటారు, ఓడినవాడు జాక్‌నో మెస్‌నో తీసుకుంటాడు. హానాను ఎంచుకున్నవాడిని మిగిలినవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. కత్తి చేతికిస్తే ఆమె ఎంత చురుగ్గా ఆడుతుందో నాకు తెలుసు. నాకు రూపాయి ఇచ్చి హ్యాండిల్ ఇస్తే హానానే తీసుకునేదాన్ని.

ఇక్కడ ఒక వింత ఉంది. 1980లో నామ్‌కో కంపెనీకి ప్యాక్‌మ్యాన్ తయారుచేసిన తోరు ఇవతానికి ఇదే బాధ. జపాన్ గేమ్ సెంటర్లు మగపిల్లల అడ్డాలుగా ఉన్నాయి, అన్నీ కాల్చడం, పేల్చడం. ఆడవాళ్ళూ జంటలూ కూడా వచ్చేలాంటి ఆట కావాలని ఆయన తినడం చుట్టూ ఆటను అల్లాడు. గుండ్రటి పసుపు నోరు చుక్కలు మింగుతూ పోతుంది. వెంటపడే నాలుగు దయ్యాలకు నాలుగు స్వభావాలు. ఒకటి నేరుగా తరుముతుంది, ఒకటి ముందుకుపోయి దారి కాస్తుంది. అందుకే ఆ ఆట ఎంత ఆడినా విసుగు పుట్టదు. 256వ బోర్డుకు చేరితే లెక్క పొంగిపోయి తెరలో సగం చెత్త అక్షరాలతో నిండిపోతుంది. అక్కడితో ఆట ఆఖరు. ఆడవాళ్ళ కోసం పుట్టిన ఆట ఆ దుకాణాల్లోకి వచ్చినా ఆడపిల్లలు రాలేదు. నా చేతికి అది మొదట దొరికింది నాంపల్లి నుమాయిష్‌లో. 1938లో మొదలై మన ఊరికి పండుగలా వచ్చే ఆ ఎగ్జిబిషన్‌లో లేడీస్ డే అని ఒకరోజు ఉంటుంది. ఆ రోజు మేనత్త కూతుళ్ళతో కలిసి, ఎవరి చూపుల గోలా లేకుండా, రూపాయి మీద రూపాయి వేసి ఆడాను. ఆ సాయంత్రమంత ధీమా నాకు బడిలో కూడా దొరకలేదు.

ఆ రోజుల యంత్రాలు చిన్నవి, వాటి శక్తి తక్కువ. ఆ తక్కువతనం నుంచే కొన్ని అందాలు పుట్టాయి. 1978లో టైటో కంపెనీ కోసం తొమొహిరో నిషికాడో స్పేస్ ఇన్వేడర్స్ చేసినప్పుడు, తెర నిండా దిగే శత్రువులందరినీ గీయడం అప్పటి ప్రాసెసరుకు మోయలేని బరువైంది. కొందరు చచ్చాక బరువు తగ్గి, మిగిలినవాళ్ళు వేగంగా కదిలారు. ఆయన దాన్ని సరిదిద్దలేదు, ఆటలోనే ఉంచేశాడు. చివరి ఒక్కడు దూసుకొస్తుంటే గుండె దడదడలాడేది అందుకే. 1991లో స్ట్రీట్ ఫైటర్ రెండో భాగంలో దెబ్బ మీద దెబ్బ కలిపి కొట్టే ఉపాయం కూడా తయారుచేసినవాళ్ళు అనుకోకుండా బయటపడ్డదే. తరువాత వచ్చిన కొట్లాట ఆటలన్నీ దాని మీదే నిలబడ్డాయి. అందులో మన దేశం తరఫున ధాల్సిమ్ అనే యోగి ఉన్నాడు. చేతులు సాచి దూరం నుంచే కొడతాడు, నోట నిప్పు కక్కుతాడు. అతని రంగస్థలం వెనక ఏనుగులు నిలబడి ఘీంకరిస్తాయి. మా పిల్లలు నవ్వేవాళ్ళు. నిజం ఏనుగులు రోడ్డు దాటితే ఉన్నాయి కదా.

పెద్దలకు ఈ దుకాణాలంటే పడేది కాదు. జేబుల్లో చిల్లర మాయమయ్యేది, బడి ఎగ్గొట్టిన పిల్లలు అక్కడే దొరికేవాళ్ళు, సిగరెట్ పొగ ఉండేది. వాళ్ళ భయం ఉత్తదని నేను అనను. పేరుకు వీడియో గేమ్ అయినా డబ్బు కాసే యంత్రాలు పెట్టినచోట్లు కూడా దేశంలో ఉండేవి. కర్ణాటక నుంచి పోయిన ఎం.జె. శివాని కేసులో 1995లో సుప్రీంకోర్టు, వీడియో గేమ్ పార్లర్లకు లైసెన్సు పెట్టి అదుపు చేయడం సబబేనని చెప్పింది. అది అవసరమైన తీర్పే. కానీ పందెపు యంత్రానికీ ముస్తఫాకూ మధ్యనున్న తేడాను మన సమాజం గట్టిగా చెప్పుకోలేదు. ఒకదాంట్లో చేతికి పనిలేదు. రెండోదాంట్లో చేయి, కన్ను, ఓపిక, పక్కవాడితో పొత్తు, ఇవే పెట్టుబడి. ఈ తేడా చూడకపోవడం వల్ల ఒక తరం పిల్లల నేర్పు అంతా చెడు అలవాటు కింద జమైపోయింది.

ఆ నేర్పు విలువ తరువాత లోకమే చూపించింది. 2019లో పాకిస్తాన్‌లోని లాహోర్ నుంచి, ఇలాంటి గల్లీ దుకాణాల సంస్కృతి నుంచి వచ్చిన అర్సలాన్ ఆష్ అనే యువకుడు టెక్కెన్ ఆటలో జపాన్‌లోనూ అమెరికాలోనూ జరిగిన ఎవో పోటీలు రెండింటినీ ఒకే ఏడాది గెలిచాడు. 2023 సెప్టెంబరులో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్‌కు పతకాలిచ్చారు. బంగారు పతకం దక్షిణ కొరియాకు చెందిన కిమ్ గ్వాన్‌వూది. అప్పటికి అతని వయసు 44. చిన్నప్పుడు గేమ్ దుకాణాల్లో నేర్చుకున్న ఆటనే దేశం జెండా కింద ఆడి గెలిచాడు. ఆ వార్త చదివిన రోజు మా అన్నకు ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడుకున్నాం.

దుకాణాలు ఎలా పోయాయో చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ముందు టీవీకి తగిలించే క్యాసెట్ గేములొచ్చాయి, తరువాత ప్లేస్టేషన్, ఇంటర్నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్, ఆఖరుకు సెల్‌ఫోను. 2016 తరువాత ఇంటర్నెట్ చవకయ్యాక ప్రతి చేతిలోనూ ఒక ఆట ఉంది. గంట లెక్కన ప్లేస్టేషన్ ఆడనిచ్చే గదులు పాతబస్తీలో ఇప్పటికీ కనిపిస్తాయి. చెక్కపెట్టెలు మాత్రం లేవు. మల్గీలు మొబైల్ రిపేరు దుకాణాలయ్యాయి. మరోవైపు అదే హైదరాబాదులో మాదాపూర్ వైపు గేమ్ కంపెనీలు వెలిశాయి. దేశంలోని గేమ్ రూపకర్తలంతా కలిసే సదస్సు 2022లో, 2023లో ఇక్కడే జరిగింది. ఆటలు తయారుచేసే ఊరుగా పేరు తెచ్చుకుంటున్న ఈ నగరంలో, నగరం మొదట ఆడిన ఆటల ఆనవాలు ఒక్కచోట కూడా భద్రపరచకపోవడం నాకు సరికాదనిపిస్తుంది.

ఫోనులోనో కంప్యూటర్‌లోనో దొరుకుతుంది కదా, ఇంకా పెట్టె ఎందుకు అని అడిగేవాళ్ళు ఉంటారు. నికోలా సాల్మోరియా అనే ఇటలీ యువకుడు 1997 ఫిబ్రవరిలో మామే అనే ప్రోగ్రాము విడుదల చేశాడు. పాత బోర్డుల పనితీరును కంప్యూటర్‌లో మళ్ళీ నడిపించి, వాటి వివరాలు చెరిగిపోకుండా చూడాలని ఆయన ఉద్దేశం. ఎన్నో ఆటల ప్రాణం అలా నిలిచింది. కానీ ఆ పని చేయాలంటే ముందు ఎక్కడో ఒకచోట బోర్డు బతికి ఉండాలి. ముస్తఫా సంగతి ఇంకా కష్టం. ఆ కథ హక్కులు వేరేవాళ్ళవి. క్యాప్‌కామ్ ఆ ఆటను ఇళ్ళలో ఆడే కన్సోళ్ళకు అధికారికంగా ఎన్నడూ తేలేదు. పైగా ఎవరూ నకలు తీయకూడదని ఆ తరం క్యాప్‌కామ్ బోర్డుల్లో కొన్నిటికి చిన్న బ్యాటరీ పెట్టారు. ముస్తఫా అసలు బోర్డు కూడా అలాంటిదే. బ్యాటరీ చచ్చిందంటే అది కాపాడుతున్న రహస్య సంకేతం చెరిగిపోతుంది, బోర్డు సరిగా నడవదు. ఆ బ్యాటరీలకు ఇప్పుడు ముప్ఫయ్యేళ్ళు దాటాయి. పిక్చర్ ట్యూబుల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. వాటిని బాగుచేయగల మెకానిక్‌లకు వయసు మీదపడుతోంది.

న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం 2012లో ప్యాక్‌మ్యాన్‌తో కలిపి 14 వీడియో గేములను తన సేకరణలోకి తీసుకుంది. అమెరికాలోనే రాచెస్టర్‌లో ఆటల కోసం ఉన్న స్ట్రాంగ్ మ్యూజియం 2015లో వీడియో గేములకు హాల్ ఆఫ్ ఫేమ్ పెట్టింది. మనకూ ఇది కొత్త ఆలోచనేమీ కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకూ జనం ఎందుకు కూచుంటున్నారు? కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వారి నుంచి వచ్చిన గడియారంలో ఒక చిన్న గడ్డపు బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుందని. ఆనందం పంచిన యంత్రాన్ని నడుస్తున్న స్థితిలోనే కాపాడుకోవడం ఈ ఊరికి వచ్చిన విద్యే. ఆ మ్యూజియంలో గానీ, బిర్లా సైన్స్ మ్యూజియంలో గానీ, కనీసం ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాలులో గానీ మూడు హ్యాండిళ్ళ పెట్టె ఒకటి నడుస్తూ ఉండాలి. ముట్టుకోవద్దని అద్దంలో పెడితే లాభం లేదు, పిల్లలు ఆడాలి. ఈసారి ఆడపిల్లలు లోపల ఉండాలి.

ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో ఒకప్పుడు ఈ దుకాణాలు నడిపినవాళ్ళో, వాళ్ళ పిల్లలో ఉంటే మీతో నాదొక విన్నపం. అటక మీదో గోదాములోనో పాత గేమ్ బోర్డు ఉంటే కబాడీకి కిలోల లెక్కన అమ్మకండి. దాని మీద బ్యాటరీ ఉందేమో చూడండి. ఉంటే మీ అంతట మీరు పీకకండి, పని తెలిసినవాళ్ళతో మార్పించండి. తడి తగలని చోట కాగితంలో చుట్టి పెట్టండి. ఆ బోర్డు ఏ ఏడు, ఎక్కడినుంచి తెచ్చారో, ఏ గల్లీలో నడిపారో, ఆటకు ఎంత తీసుకున్నారో ఒక కాగితం మీద మీ చేతిరాతతో రాసి దానితోపాటే ఉంచండి. ఇంగ్లీషే రాయక్కర్లేదు, తెలుగో ఉర్దూయో ఏదైనా సరే.